నాన్నకి అమెరికా నుంచి జ్యూరీ డ్యూటీ సమన్లు వచ్చాయి, ఆయనేమో హైదరాబాద్‌లో ఉన్నారు, ఏం చేయాలి?

హబ్సిగూడ అమ్మాయి:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

మా నాన్నగారికి 72 ఏళ్లు, కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు. అన్నయ్య టెక్సాస్‌లో ప్లేనోలో ఉంటాడు, వాడే అమ్మానాన్నలకి గ్రీన్‌కార్డు చేయించాడు, తర్వాత సిటిజన్‌షిప్ కూడా వచ్చింది. ఉండేది వాడి దగ్గరే కానీ చలికాలం రాగానే ఓసీఐ కార్డు పట్టుకుని మా ఇంట్లో వాలిపోతారు, సంక్రాంతి చేసుకుని, మా పాప పరీక్షలు అయ్యాక ఏప్రిల్‌లో వెళ్తారు. ఈసారీ అంతే.

మొన్న అన్నయ్య ఇంటికి నాన్న పేరు మీద కాలిన్ కౌంటీ (అక్కడి జిల్లా) నుంచి జ్యూరీ సమన్లు వచ్చాయి, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు జనంలో ఒకరిగా రమ్మని. ఫిబ్రవరిలో ఫలానా రోజు పొద్దున్నే మెకిన్నీలో కోర్టుకి రావాలని. వాడు దాన్ని ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పడేశాడు, ఇక చూడండి. వాడేమో "మామూలు పోస్టులో వచ్చింది, సంతకం పెట్టి తీసుకున్నది కాదు, అందలేదంటే సరిపోతుంది, చెత్తబుట్టలో వేసేస్తా" అంటాడు. వదిన "సిటిజన్ కాదు అని ఒక గడి ఉంది, దాంట్లో టిక్కు పెట్టి పంపిస్తే జన్మలో మళ్లీ పిలవరు" అంటుంది. మా చిన్నాన్నయితే "కోర్టు కాగితాన్ని లెక్కచేయకపోతే ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు, వెంటనే టికెట్ మార్చుకో అన్నయ్యా" అని నాన్నకి ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆ ఫోన్ వచ్చినప్పటి నుంచి నాన్న సరిగా నిద్రపోవడం లేదు, బీపీ కూడా పెరిగింది. మా ఇంటావంటా కోర్టు మెట్లెక్కినవాళ్లు లేరు, ఆస్తి పంపకాలు కూడా అరుగు మీద కూర్చుని తేల్చుకున్న కుటుంబం. తనేదో తప్పు చేస్తే పిలిచారా, సాక్షిగా పిలిచారా అన్నది కూడా ఆయనకి స్పష్టంగా తెలియదు. నేను చెబుదామంటే నాకు తెలిసిందీ అంతంత మాత్రమే.

ఇంతకీ నేను అడిగేది ఇదీ: ఇక్కడి నుంచే జవాబు పంపడానికి వీలుంటుందా, 72 ఏళ్ల మనిషిని వయసు చూసి వదిలేస్తారా, అసలు వెళ్తే అక్కడ ఏం చేయిస్తారు? మీలో ఎవరైనా వెళ్లినవాళ్లుంటే విన్నది కాకుండా చూసింది చెప్పండి ప్లీజ్.


ఇరానీ చాయ్:

లైట్ తీస్కోండి మేడం. టెక్సాస్‌లో 70 దాటితే జ్యూరీ నుంచి మినహాయింపు, మా మేనత్త అలాగే రాసి పంపింది, మళ్లీ ఎవరూ అడగలేదు. అంకుల్‌కి పుల్లారెడ్డి స్వీటు పెట్టి పడుకోబెట్టండి.


నిజాంపేట టు ఫ్రిస్కో:

చాయ్ భాయ్, అది పాత లెక్క. 2023 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో ఆ వయసు 75కి పెంచారు. 72 ఏళ్లకి వయసు పేరు చెప్పి తప్పించుకోవడం కుదరదు. మీ మేనత్త గారిది అంతకు ముందు సంగతి అయ్యుంటుంది. అయినా 75 దాటినవాళ్లు కూడా రాకూడదని కాదు, వద్దనుకుంటే అడిగి తప్పుకోవచ్చు, అంతే.

అమ్మాయ్ గారూ, మీ అన్నయ్య సలహా, వదిన గారి సలహా రెండూ పక్కన పెట్టండి. వదిన గారిది మరీ డేంజర్. టెక్సాస్‌లో "సిటిజన్ కాదు" అని చెప్పి తప్పుకున్నవాళ్ల పేర్లు ఓటర్ల జాబితా చూసే ఆఫీసుకి వెళ్తాయి, చట్టంలోనే ఉంది. నాన్నగారు ఓటరుగా నమోదై ఉంటే, సిటిజన్ కానివాడు ఓటరుగా ఎలా నమోదయ్యాడని అక్కడ కొత్త తంటా మొదలవుతుంది. లేని తలనొప్పి కొని తెచ్చుకోవడం ఎందుకు? ఇక చెత్తబుట్ట సంగతికొస్తే, సమన్లకి జవాబివ్వకపోతే వంద డాలర్ల నుంచి వెయ్యి డాలర్ల దాకా జరిమానా వేసే అధికారం కోర్టుకి ఉంది. వేస్తారా లేదా అనేది వేరే మాట. ఎయిర్‌పోర్టులో పట్టుకోవడం మాత్రం మీ చిన్నాన్న గారి సొంత స్క్రీన్‌ప్లే.

చేయాల్సింది చాలా చిన్న పని. ఆ సమన్ల మీద జ్యూరర్ నంబరు, వెబ్‌సైట్ అడ్రసు, క్లర్కు ఆఫీసు ఫోన్ నంబరు ఉంటాయి. వాయిదా అడగండి. గడిచిన ఏడాదిలో ఒకసారి వాడుకోకపోతే టెక్సాస్‌లో వాయిదా ఇవ్వాల్సిందే, కాకపోతే కొత్త తేదీ పాత తేదీకి ఆరు నెలల లోపు ఉండాలి. ఏప్రిల్‌లో వెళ్తున్నారు కాబట్టి మే అనో జూన్ అనో అడిగితే సరిపోతుంది. ఫోన్ చేయాలంటే ఇక్కడ రాత్రి ఏడున్నరకి అక్కడ పొద్దున్న ఎనిమిది, చలికాలం లెక్క అది, భోజనానికి ముందు చేసేయొచ్చు. ఫారంలో తప్పు రాయకుండా ఉన్నది ఉన్నట్టు రాయండి: ఫలానా తేదీ వరకు దేశంలో లేను, ఫలానా తేదీకి తిరిగి వస్తున్నాను, అంతే. టికెట్ కాపీ దగ్గర పెట్టుకోండి, అడిగితే ఇవ్వడానికి.

డబ్బు సంగతి ఎవరూ అడగలేదు కానీ చెబుతా: మొదటి రోజుకి 20 డాలర్లు, తర్వాత రోజుకి 58. అంతకు ముందు మొదటి రోజుకి ఆరు డాలర్లే ఇచ్చేవాళ్లు, దాంతో మంచి కాఫీ కూడా రాదు.


హెచ్‌వన్ హైరానా:

మధ్యలో దూరుతున్నా, సారీ. నాకు హెచ్‌వన్ వీసా (ఉద్యోగం వీసా) మీద ఉండగానే జ్యూరీ సమన్లు వచ్చాయి! ఓటర్ల జాబితాతో పాటు డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచి కూడా పేర్లు తీస్తారు, అందుకే సిటిజన్ కానివాళ్లకీ వస్తాయి. నేను నిజంగానే సిటిజన్ కాదు కాబట్టి ఆ గడిలో టిక్కు పెట్టి పంపాను, అక్కడితో అయిపోయింది. గ్రీన్‌కార్డు వాళ్లు కూడా ఇదే చేయాలి. కొందరు "వెళ్లి చూద్దాం, అనుభవం కదా" అని సిటిజన్ అన్న గడిలో టిక్కు పెడతారట. దయచేసి ఆ పని చేయకండి. సిటిజన్ కాకుండా సిటిజన్ అని చెప్పుకోవడం ఇమిగ్రేషన్‌లో మాఫీ లేని తప్పుల్లో ఒకటి, ఇరవయ్యేళ్ల కష్టం నీళ్లపాలవుతుంది.


మళ్లీ మియాపూర్:

చూసింది చెప్పమన్నారు కాబట్టి చెబుతా. నేను శాన్ హోసేలో చాలా ఏళ్లు ఉండి ఇప్పుడు మియాపూర్ వచ్చేశాను. కాలిఫోర్నియా పద్ధతి టెక్సాస్‌కి కొంచెం తేడా, కానీ అసలు పని ఒకటే.

మొదట అంకుల్‌కి ఒక్క ముక్క చెప్పండి, ఆయన ముద్దాయి కాదు, సాక్షి కాదు, ఆయన్నే సగం జడ్జిని చేస్తున్నారు. చట్టం ఏంటో జడ్జి చెబుతాడు, జరిగింది ఏంటో తేల్చాల్సింది జ్యూరీ. దారినపోయే మామూలు మనుషుల్ని, లా చదవనివాళ్లని పట్టుకొచ్చి ఈ పని అప్పగిస్తారు. నాకైతే ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

నాకు సమన్లు వచ్చినప్పుడు మా టీమ్‌లో రిలీజ్ టైమ్. మేనేజర్‌కి మెయిల్ పెడితే మనసులో తిట్టుకున్నాడో ఏమో కానీ జవాబు మాత్రం "తప్పకుండా వెళ్లు" అనే వచ్చింది, ఎందుకంటే జ్యూరీకి వెళ్లాడని ఉద్యోగంలోంచి తీసేయడం అక్కడ చట్టవిరుద్ధం. జీతం ఇవ్వాలా వద్దా అనేది మాత్రం కంపెనీ ఇష్టం, మాది ఇచ్చింది. కోర్టు ఇచ్చేది మొదటి రోజు సున్నా, రెండో రోజు నుంచి 15 డాలర్లు, దాంతో పాటు దారి ఖర్చు.

మనకి ఒక గ్రూపు నంబరు ఇస్తారు, ముందు రోజు వెబ్‌సైట్‌లో చూసుకోవాలి రేపు రమ్మన్నారా లేదా అని. చాలామందికి ఇక్కడే అయిపోతుంది, అసలు రానక్కర్లేదని వస్తుంది. నాకు రమ్మని వచ్చింది. వెళ్తే సెక్యూరిటీ గేటు, పెద్ద హాలు, నిండా జనం, టీవీలో ఏదో వీడియో, ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో టోకెన్ పట్టుకుని కూర్చుంటాం చూడండి, అచ్చం ఆ వాతావరణమే, కాకపోతే ఏసీ ఎక్కువ. మధ్యాహ్నం దాటాక మా గుంపుని కోర్టు గదిలోకి తీసుకెళ్లారు.

అప్పుడు మొదలవుతుంది అసలు సరదా, జ్యూరీ సెలక్షన్. జడ్జి, ఇద్దరు లాయర్లు కలిసి ఒక్కొక్కర్నీ ప్రశ్నలు అడుగుతారు. మాది తాగి కారు నడిపిన కేసు. మీ ఇంట్లో ఎవరైనా తాగి నడిపినవాళ్ల వల్ల దెబ్బతిన్నారా, మీరు తాగుతారా, మతపరంగా తాగడం తప్పని నమ్ముతారా, పోలీసు చెప్పింది మామూలు మనిషి చెప్పినదానికన్నా ఎక్కువ నమ్ముతారా. నా పక్కన కూర్చున్న ఒకాయన మెషీన్‌కి కాలిబ్రేషన్ రికార్డు చూపిస్తే తప్ప ఏ రీడింగూ నమ్మనన్నాడు, ప్రాసిక్యూటర్ ఆయన్ని వెంటనే పంపించేసింది. ఒకావిడ తమ్ముడు అలాంటి యాక్సిడెంట్‌లోనే పోయాడట, ఏడ్చేసింది, జడ్జి చాలా మర్యాదగా పంపించాడు. పోలీసు ప్రశ్న నా దగ్గరికొచ్చినప్పుడు "నేను పెరిగింది హైదరాబాద్‌లో, పోలీసు చెప్పాడని నమ్మడం, పోలీసు చెప్పాడు కాబట్టి నమ్మకపోవడం, రెండూ మా ఊళ్లో ఉన్నాయి, నేను విని చెబుతాను" అన్నాను. గది మొత్తం నవ్వింది. ఇక నన్ను తీసేస్తారులే అనుకున్నా, ఉంచేశారు. ఏ కారణం చెప్పకుండా కూడా కొందర్ని తీసేసే హక్కు లాయర్లకి ఉంటుంది కాబట్టి ఎవరిని ఉంచుతారో ఎవరిని పంపిస్తారో ఊహించడం వృథా.

కేసు జరిగినన్ని రోజులూ అన్నిటికన్నా కష్టమైంది వాదనలు వినడం కాదు, నోరు మూసుకుని ఉండడం. ఇంట్లో భార్యకి కూడా చెప్పకూడదు, గూగుల్ చేయకూడదు, ఆ వీధి వైపు వెళ్లి చూడకూడదు. మా ఆవిడ మొదటి రోజు నవ్వింది, తర్వాత "నాకు కూడా చెప్పలేనంత రహస్యమా" అని నిజంగానే అలిగింది.

కేసు ఏంటంటే, రోడ్డు పక్కన ఆగి ఉన్న కారు, స్టీరింగు ముందు మనిషి, స్టేషన్‌కి తీసుకెళ్లి రక్తపరీక్ష చేసేసరికి కొంత సమయం గడిచింది. రక్తంలో ఆల్కహాల్‌కి అక్కడ హద్దు 0.08 శాతం, ఇతనిది దానికి కొంచెం పైన వచ్చింది. డిఫెన్స్ లాయర్ వాదన ఏంటంటే కడుపులో ఉన్న మందు రక్తంలోకి ఎక్కడానికి టైమ్ పడుతుంది కాబట్టి పరీక్ష నాటికి హద్దు దాటి ఉండొచ్చు, నడిపేటప్పటికి దాటలేదు అని. వినడానికి బాగానే ఉంది కదా? కానీ కాలిఫోర్నియా చట్టంలో, నడిపిన మూడు గంటల లోపు చేసిన పరీక్షలో 0.08 వస్తే నడిపేటప్పుడు కూడా అంతే ఉందని అనుకోవచ్చు, కాదని అనిపించే సాక్ష్యం ఉంటే తప్ప. ఇంకో తిరకాసు, ఒకే సంఘటనకి రెండు అభియోగాలు పెడతారు, ఒకటి మత్తులో నడపలేని స్థితిలో నడిపావని, రెండోది 0.08 దాటి నడిపావని. రెంటినీ విడివిడిగా తేల్చాలి.

గదిలో పన్నెండు మందిమి తలుపేసుకుని కూర్చున్నాం. క్రిమినల్ కేసు కాబట్టి పన్నెండు మందీ ఒకే మాట మీదకి రావాలి, మెజారిటీ చాలదు. మొదటి ఓటింగులో ఎక్కువమంది రెంటికీ దోషే అన్నారు, నేను కూడా. ఒక రిటైర్డ్ టీచరమ్మ మాత్రం పోలీసు కెమెరా వీడియో మళ్లీ చూద్దామంది. అందులో అతను గీత మీద తిన్నగానే నడిచాడు, మాటా తడబడలేదు. "నంబరు సంగతి నేనూ ఒప్పుకుంటా, కానీ నడపలేని స్థితిలో ఉన్నాడని మీరు ఏ ముక్క చూసి చెబుతున్నారు" అని ఒక్కొక్కర్నీ అడుగుతూ వచ్చింది. అరిచినవాళ్లు ఉన్నారు, టైమ్ చూసుకున్నవాళ్లు ఉన్నారు, "నాకు పిల్లాడిని స్కూల్ నుంచి తెచ్చుకోవాలి, ఏదో ఒకటి రాసేయండి" అన్నవాడూ ఉన్నాడు, అతని మీద నాకు ఇప్పటికీ కోపమే. చివరికి మొదటిదానికి దోషి కాదు, రెండోదానికి దోషి అని తేల్చాం. కోర్టులో చదివాక ఒక్కొక్కర్నీ "ఇది మీ తీర్పేనా" అని అడిగారు. అవును అని పైకి అనాల్సి వచ్చినప్పుడు, ఎదురుగా ఆ మనిషి కూర్చుని ఉన్నప్పుడు, గొంతు కొంచెం పట్టేసింది, అబద్ధం ఎందుకు.

ఒకసారి వెళ్తే అక్కడ ఒక రోజు లేదా ఒక కేసు, ఆ తర్వాత కనీసం ఏడాది పాటు పిలవరు. నన్నడిగితే అంకుల్ వెళ్లాలి. ఆ వయసువాళ్లే అక్కడ బాగా పనికొస్తారు, ఫోన్ చూడరు, తొందరపడరు.


ఇరానీ చాయ్:

75 సంగతి నోట్ చేసుకున్నా. కానీ మియాపూర్ అన్నా, ఇది మన దగ్గరెందుకు లేదు? పన్నెండు మందిని అమీర్‌పేట హాస్టళ్ల నుంచి పట్టుకొస్తే కేసులు చకచకా తేలిపోవా?


నల్లకోటు:

నేను అడ్వకేటునే, కానీ నాంపల్లిలో, టెక్సాస్‌లో కాదు. కాబట్టి అక్కడి సంగతి పైవాళ్లు చెప్పిందే వినండి. ఇక్కడి సంగతి నేను చెబుతా.

మన దేశంలో జ్యూరీ ఉండేది. బ్రిటిష్‌వాళ్లు కలకత్తా, మద్రాసు, బొంబాయిల్లో పెట్టింది స్వాతంత్ర్యం తర్వాత కూడా కొన్నాళ్లు నడిచింది. అందరికీ తెలిసింది నానావతి కేసు. 1959లో నేవీ కమాండర్ తన భార్యతో సంబంధం ఉన్న వ్యక్తిని కాల్చి చంపాడు, బొంబాయి సెషన్స్ కోర్టులో జ్యూరీ 8-1తో నిర్దోషి అంది. పత్రికలన్నీ ఆయన వైపే ఊదరగొట్టాయి అప్పట్లో. ఆ తీర్పుని ఒప్పుకోలేక సెషన్స్ జడ్జి కేసుని హైకోర్టుకి పంపాడు, హైకోర్టు దోషి అని యావజ్జీవం వేసింది, 1961 నవంబరులో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆ కేసుతోనే జ్యూరీ పోయిందని వాట్సాప్‌లో తిరుగుతుంది కానీ అది సగం నిజం. ఆ తర్వాత కూడా కొన్నిచోట్ల కొన్నేళ్లు నడిచింది, 1973లో కొత్త సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) వచ్చాకే పూర్తిగా కనుమరుగైంది. ఒక్కచోట మాత్రం దాని తోక మిగిలింది: పార్సీల పెళ్లి, విడాకుల కేసులు. 1936 నాటి వాళ్ల చట్టం ప్రకారం జడ్జితో పాటు ఐదుగురు పార్సీ డెలిగేట్లు కూర్చుంటారు.

హాస్టళ్ల సంగతికొస్తే, నాకు జ్యూరీ మీద నమ్మకం లేదు. మన దగ్గర పేరు వినగానే కులం, ఊరు లెక్కేసే అలవాటు పోయేదాకా పన్నెండు మందిని ఒక గదిలో పెట్టి తలుపేయాలంటే నాకు భయమే. కానీ మామూలు మనిషిని కోర్టుకి పిలిచే పద్ధతి మన దగ్గర వేరే రూపంలో ఉంది, పంచనామా, అంటే పోలీసులు సోదా చేసి పట్టుకున్నది బయటివాళ్ల ముందు రాసి వాళ్ల సంతకాలు తీసుకోవడం. దాని గురించి ఎవరూ మాట్లాడరు.


సీతాఫల్‌మండి:

నల్లకోటు గారు పంచనామా అన్నారు కాబట్టి నా సోది. నేను చిన్న గవర్నమెంటు ఉద్యోగిని. ఒక రోజు మధ్యాహ్నం మా ఆఫీసుకి పోలీస్ స్టేషన్ నుంచి లెటర్ వచ్చింది, ఇద్దరు స్టాఫ్‌ని మధ్యవర్తులుగా, అంటే పంచనామాకి సాక్షులుగా, పంపమని. మా సార్ అటూ ఇటూ చూసి నన్నూ, ఇంకో జూనియర్ అసిస్టెంట్‌నీ పంపాడు. గంజాయి పట్టుబడిన కేసు. అక్కడ మా ముందే తూకం వేశారు, శాంపిల్ తీశారు, పాకెట్లు కట్టి సీలు వేశారు, ఒక్కో పాకెట్ మీద అతికించిన చీటీ మీద మా ఇద్దరి సంతకాలు, ఆపైన పంచనామా చివర సంతకాలు. రాత్రయింది. ఇంటికొచ్చి స్నానం చేసినా ఆ వాసన పోలేదు.

ఏళ్లు గడిచాయి, మర్చిపోయాను. ఈలోగా నాకు వేరే సెక్షన్‌కి బదిలీ కూడా అయింది. ఒక రోజు కోర్టు కానిస్టేబుల్ ఫోన్, "సార్ మీరు ఎల్‌డబ్ల్యూ ఫలానా, రేపొచ్చి సాక్ష్యం చెప్పాలి" అని. ఎల్‌డబ్ల్యూ అంటే సాక్షుల లిస్టులో మన నంబరు. సిటీలోని ఒక కోర్టు, పేరెందుకు. వెళ్తే ముద్దాయిని జైలు నుంచి తీసుకురాలేదు, వాయిదా. ఇంకోసారి వెళ్తే అవతలి లాయరు రాలేదు, వాయిదా. వరండాలో బెంచీలు లేవు, నిలబడి నిలబడి కాళ్లు పీకేవి, అటెండర్ ఎప్పుడు పేరు పిలుస్తాడో తెలియదు కాబట్టి చాయ్‌కి కూడా కదలలేం. పైగా ముద్దాయి బంధువులు పక్కనే నిలబడి మన మొహం గుర్తుపెట్టుకుంటుంటారు, ఆ టెన్షన్ వేరు. మియాపూర్ అన్న చెప్పిన టీవీ హాలు, ఏసీ వింటుంటే కుళ్లు పుట్టింది.

చివరికి బోనెక్కాను. పీపీ (ప్రభుత్వ లాయరు) గారు పంచనామా చూపించి ఇది మీ సంతకమేనా అన్నారు, అవునన్నాను, సీలు పాకెట్ చూపించారు, అదీ అవునన్నాను. తర్వాత క్రాస్, అంటే ముద్దాయి లాయరు ప్రశ్నలు. "మీరు ఆ చోటికే వెళ్లలేదు, స్టేషన్‌లో కూర్చుని పోలీసులు చెప్పిన చోటల్లా సంతకం పెట్టారంటే?" "కాదండి." "పోలీసులకి భయపడి అబద్ధం చెబుతున్నారంటే?" "కాదండి." బయటికొచ్చాక నాకు చెమట, ఆ లాయరేమో నవ్వుతూ "ఏమనుకోకండి సార్, అది మా డ్యూటీ" అని భుజం తట్టి వెళ్లాడు. నాతో వచ్చిన జూనియర్ అసిస్టెంట్ మాత్రం నాకేం గుర్తులేదని చెప్పి హోస్టైల్ అయ్యాడు, అంటే సాక్ష్యం ఎదురు తిరిగింది. అతన్ని తప్పుపట్టలేను, ఇంట్లో చిన్నపిల్లలు.

తీర్పు ఏమైందో నాకు ఎవరూ చెప్పలేదు. అడుగుదామన్నా ఎవర్ని అడగాలో తెలియలేదు.


నల్లకోటు:

సీతాఫల్‌మండి గారూ, తీర్పు మీరే చూసుకోవచ్చు. ఈకోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు కొడితే వస్తుంది. సమన్ల మీద ఉండే నంబరే, కాగితం ఉంచుకున్నారా?

చదివేవాళ్ల కోసం ఇంకో మాట. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ పోయి దాని బదులు బీఎన్ఎస్ఎస్ అనే కొత్త చట్టం వచ్చింది, సోదా చేసి స్వాధీనం చేసుకునేదంతా వీడియో తీయాలని అందులో ఉంది. కాబట్టి "స్టేషన్‌లో కూర్చుని సంతకం పెట్టారు" అనే క్రాస్ ముందు ముందు అంత తేలిక కాదు. ఇక మధ్యవర్తిగా రమ్మని రాతపూర్వకంగా పిలిస్తే సరైన కారణం లేకుండా రానని చెప్పడం నేరమే. కానీ సోదా చూసినవాళ్లని కోర్టు ప్రత్యేకంగా సమన్లు ఇస్తే తప్ప సాక్ష్యానికి రమ్మని బలవంతపెట్టకూడదు, ఇదీ చట్టమే. బెదిరింపులు వస్తే సాక్షుల రక్షణ పథకం ఉంది, 2018లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది, దరఖాస్తు పెట్టుకోవాలి. పెట్టుకునేవాళ్లని నేను పెద్దగా చూడలేదు, చాలామందికి అలాంటిదొకటి ఉందనే తెలియదు.


తార్నాక టీచరమ్మ:

ఒక హెచ్చరిక అండీ. అమెరికాలో "మీరు జ్యూరీ డ్యూటీకి రాలేదు, వారెంటు ఉంది, ఇప్పుడే డబ్బు కట్టండి" అని పెద్దవాళ్లకి ఫోన్లు చేసి గిఫ్ట్ కార్డు నంబర్లు చెప్పించుకునే మోసం బాగా నడుస్తోంది. మన దగ్గర డిజిటల్ అరెస్ట్ ఎలాగో అలాగే. మీ నాన్నగారు ఇప్పటికే కంగారులో ఉన్నారు కాబట్టి, అలాంటి ఫోన్ వస్తే పెట్టేయమని ముందే చెప్పి ఉంచండి. ఏ కోర్టూ ఫోన్‌లో డబ్బు అడగదు. ఇక్కడ ఎవరైనా అలా మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.


హబ్సిగూడ అమ్మాయి:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. అప్‌డేట్ ఇస్తున్నా.

నిన్న రాత్రి అన్నయ్యని లైన్‌లో పెట్టి సమన్ల మీదున్న నంబరుకి నాన్న చేతే ఫోన్ చేయించాను. ఎత్తినావిడ చాలా నెమ్మదిగా మాట్లాడింది, జూన్‌కి మార్చింది, అయిదు నిమిషాల్లో అయిపోయింది. అన్నయ్య మొహం చూడాలి. వదిన గడి సంగతి మళ్లీ ఎత్తలేదు, చిన్నాన్న మాత్రం "ఏదైనా కాగితం మీద రాసిస్తే మంచిది" అంటున్నాడు.

అసలు విషయం ఏంటంటే, మియాపూర్ గారు రాసింది నాన్నకి చదివి వినిపించాను. వీడియో మళ్లీ చూద్దామన్న టీచరమ్మ దగ్గర ఆపమని, ఆ ముక్క రెండోసారి చదివించుకున్నారు. ఇప్పుడు ఆయనకి వెళ్లాలని ఉంది! అమ్మ ఒప్పుకోవడం లేదు, "ఎవరో తాగి బండి నడిపితే మీరెందుకు తేల్చాలి, పైగా శాపనార్థాలు మనకి" అంటోంది. పొద్దున్న కాఫీ దగ్గర ఇదే రగడ.

ఒక్కటే సందేహం మిగిలింది. నాన్న జీవితమంతా ఇంగ్లీషు పేపరే చదివారు, రాయడం కూడా బాగా రాస్తారు, కానీ అమెరికావాళ్లు గడగడా మాట్లాడితే సగం అందదు. చెవి కూడా కుడివైపు కొంచెం మందం. అలాంటప్పుడు పంపించేస్తారా?


నిజాంపేట టు ఫ్రిస్కో:

శుభం. ఇంగ్లీషు అర్థం కావడం నిజంగా కష్టమైతే జడ్జి మినహాయింపు ఇవ్వగలడు, ప్రమాణపత్రం రాసివ్వాలి. కానీ క్లర్కుతో తనే మాట్లాడి తేదీ మార్పించుకున్న మనిషికి అది ఎందుకండీ. చెవి సంగతికి కోర్టులో వినడానికి సాయపడే హెడ్‌సెట్ లాంటివి ఇస్తారు, ముందుగా అడగాలి. సెలక్షన్‌లో జడ్జి అడిగినప్పుడు "గబగబా మాట్లాడితే నాకు కష్టం" అని అక్కడే పైకి చెప్పేయమనండి, ఉంచాలా పంపాలా వాళ్లే చూసుకుంటారు. చాలామందిని ఆ రోజే పంపించేస్తారు కూడా, కాబట్టి ఆంటీని ఇప్పటి నుంచే గొడవపడొద్దని చెప్పండి.


మళ్లీ మియాపూర్:

జూన్ అయినా లోపల చలి, స్వెటర్ పెట్టించండి. మందుల డబ్బా, చదువుకోవడానికి ఏదైనా పుస్తకం కూడా. జేబులో చిన్న చాకు, కత్తెర లాంటివి ఉంటే గేటు దగ్గరే ఆపేస్తారు, ఇంట్లోనే వదిలి వెళ్లమనండి. కేసు గనక పడితే అది అయ్యేదాకా మీరు ఫోన్ చేసి ఏం జరిగిందని అడగకూడదు, అయ్యాక వచ్చి ఇక్కడ రాయండి.